మామ ఆపిన కోడెలు

మామ పోయాడన్న కబురు అందేసరికి నేను తోంగ్‌పాల్ సంతలో ఒక గేదె నోరు తెరిచి, నాలుక కింద పుండు చూస్తున్నాను. ఎర్రబోరు వైపు నుంచి ఉప్పు కోసం వచ్చిన బండివాడొకడు నన్ను గుర్తుపట్టి, గేదెకు అవతలి పక్కన నిలబడి, నేను తల ఎత్తేదాకా ఆగాడు.

“మీ మామ పోయిండు బాబూ. ఆరొద్దులాయె. జొరమొచ్చి మూడొద్దులు పండుకున్నడు, అంతే. దహనం ఆ రోజే అయిపోయింది. పెద్ద దినం ఇంకా నాలుగొద్దులకు.”

ఆ మాట విన్నాక నేనడిగిన మొదటి ప్రశ్న ఏమిటో దాచకుండా చెప్పేస్తాను. ఎలా పోయాడు, ఎవరున్నారు పక్కన, నొప్పి పడ్డాడా అని అడగలేదు. “కోడెను ఏం చేస్తారట?” అని అడిగాను.

“ఏ కోడెను?”

“మామ కోడెను. బూడిద కోడెను.”

బండివాడు నన్ను వింతగా చూశాడు. “ఏం చేస్తరు? అంత పెద్దాయన దినానికి చిన్నది కోస్తరా?” అన్నాడు.

గేదె యజమానికి మందు పొట్లం చేతిలో పెట్టి, ఎలా రాయాలో సగం చెప్పి, సంచి సైకిల్‌కు కట్టేశాను. కన్నీళ్లు రాలేదు. కాళ్లు మాత్రం ఒకచోట నిలవలేదు. ఇది రాస్తున్న ఇప్పటికీ రెండు వాక్యాలకోసారి లేచి గదిలో తిరుగుతున్నాను. కనుక ఈ రాతలో ఎక్కడైనా అతుకు సరిగా లేకపోతే చదివేవారు మన్నించాలి.

ఆయన నాకు మేనమామ కాదు, అసలు చుట్టమే కాదు. ఎర్రబోరు దగ్గర అడవి లోపలికి రెండు కోసులు నడిస్తే వచ్చే ఊళ్లో దోర్ల తెగ రైతు. నేను భద్రాచలం వైపు నుంచి వచ్చి, రాజావారి సర్కారులో పశువులకు సూదులు వేసే కొలువులో చేరినవాణ్ని. మేం మామా అల్లుళ్లం ఎలా అయ్యామంటే, నేను చేసిన ఒక తప్పు వల్ల అయ్యాం.

ఆ రోజుల్లో నా దగ్గర మోచేతి పొడవు ఇనుప పటకారు ఒకటి ఉండేది. ఎదగని కోడెలు ఆవుల మీదికి పోకుండా, వాటి విత్తుల నరాన్ని దానితో నొక్కేయడం నా పని. అంతకుముందు ఊళ్లలో రాయి మీద పెట్టి రోకలితో కొట్టేవారు, పుండు పడి పురుగు పట్టి సగం చచ్చేవి. పటకారుతో చుక్క నెత్తురు రాదు. ఆ సంగతి చూసి జనం నన్ను మెచ్చుకునేవారు. మెప్పు తలకెక్కింది. ఊరికి ఒక పూట చొప్పున నొక్కుకుంటూ పోతున్నాను.

మామ ఊళ్లో ఒక బక్క కోడె ఎదురైంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఎవరిదని కూడా అడక్కుండా, ఇద్దరితో పట్టించి నొక్కేశాను. లేచి చేతులు దులుపుకుంటుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

“మల్ల సరి చెయ్యలేవా?”

“అదెలా చేస్తాం? ఒకసారి నొక్కితే నొక్కినట్టే.”

అప్పటికే నెరిసిన మనిషి ఆయన. వచ్చి కోడె పక్కన గొంతుక్కూచుని దాని నడుం మీద అరచెయ్యి పరిచాడు. “బక్కగున్నదని నొక్కినవు. జబ్బుపడి లేచింది బాబూ ఇది. నువ్వు ఒక్క పూట చూసినవు, నేను మూడు వానలు చూసిన. దీని తల్లి ఎవలో కూడ అడగలే నువ్వు,” అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ ఊరి మందలో అంత ఎదిగే రక్తం మరి లేదని నాకు తర్వాత తెలిసింది. తల్లి ముసలిది, ఆ కోడె దాని చివరి దూడ.

తిడతాడనుకున్నాను. జీలుగు కల్లు దొప్పలో పోసి నా ముందు పెట్టాడు. “తొందరున్నోడు కోళ్లు పెంచుకోవాలె అల్లుడా,” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆ పిలుపులో ఎకసెక్కం నాకు అర్థం కాకపోలేదు. ఇల్లు పాడుచేసినా కూర్చోబెట్టి అన్నం పెట్టక తప్పనివాడు అల్లుడే కదా. నాకు ఒళ్లు మండింది. అయినా ఆ తర్వాత ఆ దారిన వెళ్లినప్పుడల్లా అక్కడ ఆగకుండా ఉండలేకపోయాను. ఏడాది తిరిగేసరికి నేనూ మామా అని పిలుస్తున్నాను.

కబురు విని తోంగ్‌పాల్ వదిలిన మొదటి రోజు సుక్మా చేరేలోపే వెనక టైరు పగిలింది. గొట్టం అతకడానికి ఏమీ దొరకలేదు. టైరులో ఎండుగడ్డి కూరి, దడదడలాడే సైకిల్ మీద బయల్దేరాను. దారిలో ఒకాయన చెయ్యెత్తి, “బాబూ, మా ఎద్దు మేత ముట్టట్లే,” అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు చూస్తానని ఆగకుండా వెళ్లిపోయాను. అది నా కొలువుకు తగిన పని కాదని తెలుసు. ఎండ మండిపోతోంది. నా మనసు ఎద్దు మీద లేదు.

దోర్ల ఇళ్లలో ఆవు పాలు పితకరు. వచ్చిన కొత్తలో ఇది నాకు పెద్ద వింత. ఇంటి నిండా ఆవులుండి పిల్లలకు చుక్క పాలు లేకపోవడమేమిటని మామతో వాదన వేసుకున్నాను. “పాలు దూడయి. మనం ఆవుకు పుట్టినమా?” అన్నాడు. నేను చాలాసేపు సర్కారీ మాటలేవో మాట్లాడాను. ఆయన ఓపిగ్గా విని, చివరికి అసలు సంగతి చెప్పాడు. ఒక దూడకు పాలు వదిలి, ఇంకో దూడ నోటి దగ్గర పితుక్కుంటే, ఏది కడుపు మాడి ఎదగలేదో, ఏది పుట్టుకలోనే ఎదగదో తేడా తెలియదు. “అన్నిటికీ కడుపునిండ పెట్టినంక చూడాలె. అప్పుడు ఎదిగేది ఎదుగుతది, ఎదగనిది దొరికిపోతది.”

ఆ దొరకబట్టే పని ఆయన ఎంత నిష్ఠగా చేసేవాడో చెప్పాలి. ఏటా కొత్తల పండుగ మర్నాడు దూడలన్నిటినీ దొడ్లో నిలబెట్టి, అడ్డనార తాడు రొమ్ము చుట్టూ వేసి కొలిచేవాడు. కొలత దగ్గర ఒక ముడి. దూడకొక తాడు. ఇంటి వాసాలకు అవి వరసగా వేలాడుతుండేవి, వంగకుండా లోపలికి వెళ్తే ముఖానికి తగిలేవి. రెండు ముళ్ల మధ్య ఎడం ఎక్కువున్న తాడును ఎవరొచ్చినా చూపించి మురిసిపోయేవాడు. ఏ తాడు ఏ దూడదో, దాని తల్లి ఏదో, తల్లి తల్లి ఏదో అడిగితే కళ్లు మూసుకుని చెప్పేవాడు. నాకు కాగితం మీద రాసుకున్నా గుర్తుండేది కాదు.

నేను పశువును ఎప్పుడూ ముందు నుంచి చూసేవాణ్ని. మా వైపు అందరం అంతే. కొమ్ములు, నుదురు, కళ్లు, మూపురం. మామ నా భుజాలు పట్టుకుని పశువు వెనక్కి తిప్పి నిలబెట్టేవాడు. “ముందట నిలబడితే కొమ్ములు కనబడతయి. కోసినంక కొమ్ములు ఎవలు తింటరు? ఎనక నుంచి చూడు. తొడల నడుమ సందు కనబడితే వద్దు. నడుం మీద నీళ్లు పోస్తే నిలవాలె.”

ఇక్కడ కొందరు పాఠకులు నొసలు చిట్లిస్తారని నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఆ మాంసం తినరు. అందుకే పైకి పంపే కాగితాల్లో నేనెప్పుడూ “సేద్యపు పశువులు” అని రాసేవాణ్ని. దున్నడానికీ అవే, నిజమే. కానీ మామ ఆ తాళ్లకు ముళ్లు వేసింది దున్నడం కోసం కాదు. ఊరంతా ఒకచోట చేరే పండుగకూ, పెళ్లికీ, చావుకూ అందరి ఆకుల్లోకీ వచ్చే కూర కోసం. ఆ మాట దాచాలని ఆయనకెప్పుడూ తోచలేదు. నేను దాస్తున్నానని తెలిసి, “పెంచేది ఎందుకో రాయకుంటే, ఎట్ల పెంచాలెనో నీ సాహెబుకు ఎట్ల తెలుస్తది?” అని అడిగాడు.

ఆయనకు అసలు ఈ పిచ్చి ఎలా పట్టుకుందో ఒక చావింట్లో చెప్పాడు.

అక్కడ చనిపోయినవాడు పెద్ద మనిషి. చుట్టాలు ఊరూరి నుంచి కోడెలు తోలుకొచ్చారు. చనిపోయినవారికి చేసే మర్యాద అది. ఎంత మంచి పశువును తెస్తే అంత ప్రేమ. తోక కోసి పోయినవాడి పేరున నిలబెట్టిన రాతికి కడతారు, మాంసం అందరికీ పంచుతారు. నేనూ మామా జనం వెనకాల కూర్చున్నాం. ఆయన వేళ్లు మడుస్తున్నాడు.

“ఏంది మామా లెక్క?”

“మొన్న వానల్ల అవతలి ఊరి పెద్దమనిషి పోతే ఎర్రది పోయింది. ముంగటేడు నల్ల మచ్చది పోయింది. ఇయ్యాల ఇది పోతున్నది. మూడూ ఇంక ఒక్క ఆవును కూడ ఎక్కలే.” తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. “మేం మంచిదాన్ని చచ్చినోనికి ఇస్తున్నం అల్లుడా. మిగిలినదాన్ని ఆవుకు ఇస్తున్నం. మా తాత చెప్పే పశువులకు, ఇప్పటి పశువులకు పోలికే లేదు. మేత తక్కువై అనుకున్నం ఇన్నొద్దులు. మేత కాదు. మా మర్యాదే.”

ఇన్నేళ్లుగా నేను పటకారు పట్టుకుని ఊళ్లు తిరుగుతూ చిన్నవాటిని ఏరి నొక్కుతుంటే, పెద్దవాటిని వీళ్లు ప్రేమతో ఏరి కోసుకుంటున్నారు. వెంటనే లేచి అందరికీ చెప్పేయబోయాను. ఆయన నా పంచె పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. “చావింట్ల కూసొని మీ మర్యాద తప్పు అంటవా? తంతరు.”

ఆయన ఎవరికీ తప్పని చెప్పలేదు. మారకం మొదలుపెట్టాడు. నా పటకారుతో నొక్కించిన కోడెలను నాలుగైదేళ్లు పెంచితే ఎద్దులై కొవ్వు పట్టి బరువెక్కేవి. ఎక్కడ చావు జరిగినా, ఒక బలిసిన ఎద్దును తోలుకుని వెళ్లేవాడు. అక్కడ కట్టేసి ఉన్న లేత కోడెల్లో మంచిదాన్ని వెనక నుంచి చూసి, “నా ఎద్దు తీసుకోండ్రి, ఈ కోడెను నాకియ్యుండ్రి. కూర రెండింతలు వస్తది,” అనేవాడు. ఎద్దు కంటికి నిండుగా కనబడేది. మర్యాదకు లోటు లేదు, కూరకు లోటు లేదు. ఇచ్చేవారు. ఆ కోడె రెండు మూడు వానలు ఆయన మందలో ఉండి దూడలను పుట్టించేది. దూడలు లేచి, పాలు తాగి, వాసానికి తాళ్లు వేలాడాక, దాన్నో దాని కొడుకునో అడిగిన ఊరికి ఉత్తినే ఇచ్చేసేవాడు. ఊరికొకటి. మళ్లీ ఇంకో ఊరు.

పన్నెండేళ్లు చేశాడు ఈ పని. నేను చూస్తుండగానే ఆ చుట్టుపక్కల రెండేళ్ల దూడ ఎత్తు నా నడుం దగ్గర నుంచి రొమ్ము దాకా వచ్చింది. కాగితాల్లో ఆ పేరంతా నాకే దక్కింది. నేను వద్దనలేదు. ఇది కూడా రాయకపోతే ఈ స్మృతికి అర్థం లేదు.

ఆయన్ని చివరిసారి చూసింది ఇప్పపూలు రాలడానికి ముందు. బూడిద కోడెను దొడ్లోంచి బయటికి తెచ్చి చూపించాడు. నా కొలువులో అలాంటి వెనక భాగం చూడలేదు. తొడలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. నడిస్తే చర్మం కింద కండ కదులుతోంది.

“వీడు ఒక్క వాన ఆవుల మీదికి పోయిండు. దూడలు ఇంకా నేలకు పడలే,” అన్నాడు. “ఎట్లయి పడతయో, ఎట్ల లేస్తయో చూడాలె. అందాక వీణ్ని ఉంచాలె. నేను ముందుగాల పోతే నువ్వు వచ్చి ఆపు.”

“చంపొద్దని చెప్పాలా?”

“చంపొద్దనట్లే. తిననీకే పెంచిన. తొందర పడొద్దంటున్న.”

“మీ వాడికి చెప్పొచ్చు కదా?”

“వానికి నా మీద పానం. వాడు ఆపలేడు.”

సరే మామా, అన్నాను. అప్పటికి నా ఒక కాలు పెడల్ మీద ఉంది. కొంట ఊళ్లో ఏదో పని ఉంది నాకు, ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. తొక్కుతూనే వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను.

పెద్ద దినం నాటి పొద్దున ఊరు చేరాను. సైకిల్ నడిపించుకుంటూ, చొక్కా అంతా దుమ్ముతో. డోళ్లు దూరం నుంచే వినబడ్డాయి. మామ ఇంటి వెనక కళ్లంలో జనం. కళ్లం అంచున గుంజలు పాతి కోడెలను కట్టేశారు. బూడిదది ఒక్కటే ఉంటుందనుకుని వచ్చాను. ఎనిమిది ఉన్నాయి.

దగ్గరికి వెళ్లాను. వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఒక్కో దాన్నీ చూసుకుంటూ ఆ చివరి దాకా నడిచాను. అన్నిటివీ అవే తొడలు, అదే నడుం. రంగులు మాత్రం వేరు. ఏడు ఊళ్లవాళ్లు, మామ ఇచ్చిన కోడెల సంతానంలో తమ దగ్గరున్న మేలైనదాన్ని ఏరి, కొమ్ములకు పూలు కట్టి, డోలు కొట్టుకుంటూ తోలుకొచ్చారు.

“మా ఊర్ల ఇంతకన్న మంచిది లేదు బాబూ,” అన్నాడు ఒకాయన తన కోడె మెడ నిమురుతూ. ఆయన కళ్లలో నీళ్లు. “ఆయనకు ఎద్దును తెస్తమా? ఆయనకు కోడెనే.”

పన్నెండేళ్ల పని ఒకే వరసలో కట్టేసి ఉంది. అంతా ప్రేమతోనే. ఊరూరి చావుకూ మారకం తోలుకెళ్లిన మనిషి, తన చావుకు మారకం తోలుకుని రాలేడు కదా.

ఈసారి నా పంచె పట్టుకుని లాగేవారు లేరు. కళ్లం మధ్యకు వెళ్లి చెప్పేశాను. మామ నాకు మాట చెప్పాడనీ, బూడిద కోడెను దూడలు పడేదాకా ఆపమన్నాడనీ, ఈ ఎనిమిదీ పోతే మళ్లీ మొదటికి వస్తారనీ. గొంతు హెచ్చింది. తొందరలో తెలుగూ హిందీ కలిపేశాను. డోళ్లు ఆగాయి.

మామ పెద్దకొడుకు గొడ్డలి పక్కన పెట్టి నా ముందుకు వచ్చాడు. “బావా, మా దూడను నొక్కిన రోజు నువ్వు ఎవల్నన్న అడిగినవా?”

ఎవరో నవ్వారు. ఆ నవ్వులో పాత చనువు లేదు.

“మా అయ్య పెంచిన కోడె మా అయ్యకు పోవద్దా? ముసలెద్దును కోస్తే, కొడుకు అయ్యకు ఇంతే చేసిండని అనరా? మా అయ్య నీకు చెప్పిండంటవు. నాకెందుకు చెప్పలే?” నువ్వు ఆయన్ని అంతగా ప్రేమిస్తావు కాబట్టి, అని చెప్పాల్సింది నేను. అతని మాటలో తప్పు లేదు. అదే నా బాధ.

అత్త ఇంటి అరుగు మీద కూర్చుని అడ్డాకులు తుడుస్తోంది. మొగుడు పోయి పది రోజులే అయింది. ఆమె లేవలేదు, తల కూడా ఎత్తలేదు.

“మన ఇంటిదాన్ని కోయుండ్రి,” అంది.

“అత్తా!” అన్నాను.

“నువ్వు కూసో అల్లుడా.” ఆకు పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. “మన ఇంటిదాన్ని కోసి, వచ్చినోళ్లందరికీ ఇంటికొక ఆకు పరవుండ్రి. దొప్ప నిండ ఒక్కో ఆకు మీద పెట్టుకుంట పోండ్రి. ఒక్క ఆకు ఖాళీగ మిగిలినా రెండోదాన్ని ఇప్పుండ్రి, నేను అడ్డం రాను. అన్ని ఆకులు నిండితే మాత్రం ఆ ఏడింటిని ముట్టొద్దు. ఆకలి తీరినంక కోసుడు మర్యాద కాదు.”

ఏడు ఊళ్ల జనం. ఒక ముసలాయన, “ఒక్క కోడెతోని ఇంతమందికా? నా జమానాల నాలుగు కోసినా బొక్కలే మిగిలినయి,” అని తల అడ్డంగా ఊపాడు. అయినా ఆమె మాటకు ఎదురు చెప్పలేదు ఎవరూ. ఎలాగూ రెండోది విప్పాల్సిందేనని అందరికీ నమ్మకం.

కోసేటప్పుడు నేను చూడలేదు. ఇంటి వెనక్కి వెళ్లి అటూ ఇటూ తిరిగాను. ఒక్కసారి పెద్ద చప్పుడు, తర్వాత డోళ్లు. తిరిగి వచ్చేసరికి బూడిద రంగు తోకను మామ రాతికి కడుతున్నారు. ఆపుతానని మాట ఇచ్చాను, ఆపలేకపోయాను. ఆ మాట నాకూ ఆయనకూ మధ్య అలాగే ఉండిపోతుంది.

కళ్లమంతా ఆకులు పరిచారు, ఇంటికొకటి చొప్పున అయిదు వరసలు. మధ్యలో మాంసం కుప్ప. పెద్దకొడుకే దొప్ప పట్టుకున్నాడు. దొప్ప నిండా తీసి ఆకు మీద బోర్లించడం, ముందుకు జరగడం. మొదటి వరస అయింది. రెండో వరస సగంలో కొసరు తగ్గించమని ఎవరో అన్నారు. అతను వినలేదు, దొప్ప నిండుగానే పెట్టాడు. మూడో వరసకు కుప్ప సగం తరిగింది. నేను వరసల పక్కన నడుస్తూ, మిగిలిన ఆకులను చూస్తూ, కుప్పను చూస్తూ, మళ్లీ ఆకులను చూస్తూ తిరుగుతున్నాను. మాంసం వైపు సరిగా చూడను కూడా చూడనివాణ్ని. నా జన్మలో మొదటిసారి ఒక మాంసం కుప్ప తరగకూడదని దేవుడికి మొక్కుకున్నాను.

నాలుగో వరస సగమైంది. కోసేవాళ్లు మిగిలిన వెనక తొడను ఎత్తి కుప్ప మీద వేశారు. ఇద్దరు మోయాల్సి వచ్చింది. అయిదో వరస మొదలైంది. ఇరవై ఆకులు, పది, ఆరు. చివరి ఆకు మీద దొప్ప బోర్లించి పెద్దకొడుకు వెనక్కి తిరిగి చూశాడు. కుప్ప అడుగున ఇంకా మాంసం ఉంది.

ముసలాయన లేచి వచ్చి కుప్పను చూశాడు, వరసలను చూశాడు. “సరిపాయె,” అన్నాడు.

పెద్దకొడుకు దొప్ప చేతిలో పట్టుకునే నేల మీద కూలబడి ఏడ్చాడు. పది రోజులుగా ఏడవలేదట. “ఎంత పెంచిండు మా అయ్య, ఎంత పెంచిండు,” అని అదే మాట. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నాకూ అప్పుడే వచ్చింది ఏడుపు.

బయల్దేరేటప్పుడు అత్త నా చేతిలో ఒక ఆకు పొట్లం పెట్టింది. నా పేరున కూడా ఒక ఆకు పరిచిందట. “నీకు చెప్పిన మాట నాకు చెప్పలేదనుకున్నవా?” అంది. “నువ్వు ఎనిమిదింటినీ ఆపుదామని చూసినవు. అట్లయితే ఒక్కటి కూడ ఆగకపోతుండె.” ఆ పొట్లాన్ని నేనేం చేశానో ఇక్కడ రాయను. ఇది మా ఇంట్లో వాళ్లు చదువుతారు.

ఏడు కోడెలూ ఏడు దారులు పట్టాయి. నా దారిన వచ్చింది ఆ కళ్లలో నీళ్లున్న ఆయన కోడె. ఆయన ముందు, కోడె వెనక, సైకిల్ నడిపించుకుంటూ నేను. వాగు దగ్గరికి వచ్చేసరికి ఏదో ఊరి ఆవులు నీళ్లు తాగుతున్నాయి. కోడె ఆగింది. ముట్టె పైకెత్తి గాలి పీల్చింది. ఆయన రెండుసార్లు తాడు లాగి, ఇక లాభం లేదని వదిలేశాడు. ఒడ్డున నీడ చూసుకుని కూర్చుని, ఆకు చుట్ట వెలిగించుకున్నాడు.

“తొందరేం లేదు గదా బాబూ?”

లేదన్నాను. సైకిల్ చెట్టుకు ఆనించి ఆయన పక్కన కూర్చున్నాను. కొమ్ములకు పూలు అలాగే ఉన్నాయి. తాడు ఇసుకలో ఈడ్చుకుంటూ కోడె నీళ్లలోకి దిగి, ఆవుల వైపు నడిచింది.